అమ్మ పొమ్మంది

శుక్రవారం ఒంటిగంట బస్సు దిగితే, ఒకటింపావుకల్లా కూతురు తిర్సా సంచీ వంటింటి గుమ్మంలో వచ్చి పడేది. పొద్దుగూకి షబ్బాత్, అంటే యూదుల విశ్రాంతి దినం, మొదలయ్యేలోపు అందులోని యూనిఫాంలు ఉతకాలి, ఆరబెట్టాలి, ఇస్త్రీ చెయ్యాలి. ఆ తర్వాత శనివారం రాత్రి ఆకాశంలో మూడు చుక్కలు కనిపించేదాకా ఆ ఇంట్లో ఎవరూ మిషను బొత్తాం కూడా నొక్కరు. ఆదివారం తెల్లవారకముందే పిల్ల మళ్ళీ బస్సెక్కాలి. అంటే తల్లి పెనీనా చేతిలో ఉండేది నాలుగు గంటలు. కోడి పులుసు, చేప, హల్లా రొట్టెలు, నేల తుడుపు, చిన్నవాళ్ళ స్నానాలు కూడా ఆ నాలుగు గంటల్లోనే.

ఉతకడం కష్టం కాదు. ఆరేయడమే కష్టం. ఐదేళ్ళ క్రితం పెద్దవాడు ఎల్నాతాన్ సైన్యంలో ఉన్నప్పుడు వాడి ప్యాంట్లూ చొక్కాలూ వీధివైపు తీగ మీద ఆరేవి. "ఇటువైపు ఎండ బాగా పడుతుంది" అంటూ ఆ తీగ కట్టింది పెనీనా మొగుడు గెదల్యానే. ఆ లోయలో ఎండ ఎటువైపైనా ఒకటే. కాకపోతే ప్రార్థనా మందిరానికి వెళ్ళేవాళ్ళందరూ ఆ దారినే వెళ్తారు. కూతురి యూనిఫాం మొదటిసారి ఇంటికొచ్చిన రోజున అతను బుట్టలోకి తొంగిచూసి, "ఆ ప్యాంట్లు అటు వెయ్యకు. మందిరం పెత్తనం నా నెత్తిన ఉంది. వచ్చేపోయేవాళ్ళు నన్నడుగుతారు" అన్నాడు. ఏమడుగుతారని ఆమె అడగలేదు. పదహారు నెలలుగా తిర్సా బట్టలు స్నానాలగదిలో అడ్డకర్రకి వేలాడుతూ, ఎదురుగా పెట్టిన ఫ్యాను గాలికి ఆరుతున్నాయి.

ఆ దేశంలో ఆడామగా అందరికీ సైన్యం తప్పనిసరే అయినా, నిష్ఠగా ఉండే వాళ్ళలో ఆడపిల్లలు వెళ్ళరు. పద్దెనిమిదేళ్ళు రాగానే, నేను నిష్ఠగా ఉండే పిల్లని అని ఒక కాగితం మీద రాసిస్తే ప్రభుత్వం వదిలేస్తుంది. తర్వాత రెండేళ్ళు ఏ ఆసుపత్రిలోనో, బడిలోనో సేవ చేసి పెళ్ళి చేసుకుంటారు. తిర్సా నిష్ఠలో ఎవరికీ తీసిపోయేది కాదు, కానీ ఆ కాగితం రాయలేదు. వైద్య సహాయకురాలిగా శిక్షణ తీసుకుని ఉత్తర సరిహద్దుకి వెళ్ళింది. ఇంటికొచ్చేటప్పుడు మాత్రం దారిలో బస్సు మారే బస్టాండు మరుగుదొడ్లో యూనిఫాం విప్పి, పొడుగు స్కర్టు వేసుకుని మరీ ఊళ్ళో దిగేది. నాన్న కోసం. ఆ నాన్న ఆ పిల్లతో మాట్లాడేవాడు కాదు. "ఎవరైనా ఆ కిటికీ మూస్తే బాగుండు" అనేవాడు గాల్లోకి చూస్తూ. కిటికీ పక్కన కూర్చున్న తిర్సా మూసేది.

ప్రతి శుక్రవారం రాత్రీ తండ్రి లేచి ఒక్కో పిల్ల తలమీద చెయ్యి పెట్టి దీవించడం వాళ్ళింటి వాడుక. కూతురు సైన్యంలో చేరినప్పటినుంచీ గెదల్యా ఆ దీవెనని కుర్చీలోంచి లేవకుండానే, అందరికీ కలిపి ఒకేసారి చదివేస్తున్నాడు. ఒక్కదాన్ని వదిలేశాడని ఎవరూ అనలేరు. చిన్నది ఒకసారి "నాన్నా, నా తల మీద?" అంటే, "నడుం నొప్పి తల్లీ" అన్నాడు. అతని నడుం నిక్షేపంగా ఉందని, ఖర్జూరం గోదాములో ఆ వారమంతా పెట్టెలు మోశాడని పెనీనాకి తెలుసు. తెలిసీ పులుసు వడ్డించింది.

తిర్సా నిలబడే తినేది. కుర్చీ చూపిస్తే, "కూర్చుంటే నిద్రపోతా" అనేది.

"ప్రార్థన చేస్తున్నావా, మానేశావా అక్కడ?"

"చేస్తున్నానమ్మా. పొద్దున్న పుస్తకం తెరిచేసరికి పక్కన నలుగురు మగాళ్ళు నురగలు కక్కుతూ పళ్ళు తోముతుంటారు. మొదట్లో దేవుడికి ఇబ్బందిగా ఉండేదేమో. ఇప్పుడు అలవాటుపడ్డాడు."

"నోర్ముయ్యి, మీ నాన్న వింటారు."

"వింటే మంచిదే. వింటున్నట్టు తెలుస్తుంది."

పెనీనాకి నవ్వొచ్చింది, భయమూ వేసింది. ఆ పిల్లతో మాట్లాడితే ఎప్పుడూ అంతే, రెండూ కలిసే వచ్చేవి. తను కనిపెంచిన నోరేనా ఇది అనిపించేది.

అసలు ఆ పిల్ల చేరడానికి ముందు ఒక గురువారం సాయంత్రం జరిగింది ఆమె మనసులో ఇప్పటికీ తేలలేదు. హల్లా పిండి పిసుకుతోంది. రెండు చేతులూ మణికట్టు దాకా పిండిలో ఉన్నాయి. తిర్సా గోడకి ఆనుకుని నిలబడి అడిగింది. "అమ్మా, నువ్వైతే ఏం చేసేదానివి?"

దేని గురించో చెప్పలేదు. చెప్పక్కర్లేదు కూడా. పెనీనా పిండి వంక చూసింది. పద్దెనిమిదేళ్ళప్పుడు తననెవరూ ఏమీ అడగలేదు. అడిగుంటే ఏమనేదో ఆలోచించడానికి లోపల ఎక్కడికి వెళ్ళాలో కూడా ఆమెకి దారి తెలియలేదు. వెళ్ళకు అంటే మనసొప్పదు. వెళ్ళు అంటే గెదల్యా మొహం, మందిరం మెట్లమీద ఆడవాళ్ళ మొహాలు, తను పనిచేసే బడిని నడిపే మతగురువు రబ్బీ ఎల్హనాన్ గారి మొహం, అన్నీ ఒక్కసారి ఎదురుగా వచ్చి నిలబడ్డాయి. "ఆ ఉప్పు ఇటందుకో" అంది.

తిర్సా ఉప్పు డబ్బా అందించింది. తల్లి మొహంలోకి ఒక నిమిషం చూసింది. "సరే" అని వెళ్ళిపోయింది.

ఆ పిండిలో ఉప్పు అంతకుముందే పడింది. ఆ షబ్బాత్‌కి రొట్టె నోట పెట్టలేకపోయారు. "ధ్యాస ఎక్కడ పెట్టి చేశావు?" అన్నాడు గెదల్యా. మరుసటి వారం కూతురు సంతకం చేసిన సంగతి తెలిశాక అతను అడిగిన మొదటి ప్రశ్న, "నిన్నడగలేదా? నువ్వేమన్నావు?" అని. "ఏమీ అనలేదు" అందామె. నిజమే చెప్పింది. గెదల్యా అక్క జెహవా ఆ మాటే పట్టుకుంది. "తల్లి గట్టిగా కాదంటే ఆడపిల్ల గడప దాటుతుందా? ఏమీ అనకపోవడం ఏమిటి, నోట్లో ఏముంది నీకు?"

బడిలో సంగతి వేరు. ఆడపిల్లల హాస్టల్ బడి ఆఫీసులో ఇరవైయొక్కేళ్ళుగా ఆమే గుమాస్తా. ప్రతి చలికాలం రబ్బీ ఎల్హనాన్ గారు తల్లిదండ్రులందరికీ ఒక ఉత్తరం రాయిస్తారు. మన బాలికలకు సైన్యం తగిన చోటు కాదు, వారి పవిత్రత మన చేతుల్లో ఉంది, అని. టైపు చేసేది పెనీనా, మడిచేది పెనీనా, కవర్ల మీద చిరునామాలు అంటించేది పెనీనా. తిర్సా చేరిన ఏడాది కూడా రెండొందల నలభై కవర్లు అంటించింది. తిర్సా చెల్లెలు అదే బడిలో చేరింది కాబట్టి అందులో ఒకటి తన పేరుకే. పోస్టులో వెయ్యకుండా సంచీలో పెట్టుకుని ఇంటికి తెచ్చి భోజనాల బల్ల మీద ఉంచింది. ఎందుకు తెచ్చిందో ఆమెకే తెలియదు. గెదల్యా దాన్ని పైకి చదివి, మడిచి, ఆమె ముందుకి తోశాడు.

ఆఫీసు మొత్తానికి పెద్దగా ఆమెని వేస్తారని అంతకు రెండేళ్ళ ముందునుంచీ అనుకునేవారు. తిర్సా చేరాక రబ్బీ గారు పిలిచి, "మీ పని మీద నాకేమీ లేదు పెనీనా. కానీ తల్లిదండ్రులు ఏమనుకుంటారో కూడా చూసుకోవాలి కదా" అన్నారు. ఆ కుర్చీలో ఇప్పుడు ఆమె దగ్గర పని నేర్చుకున్న అమ్మాయి కూర్చుంటోంది. "కవర్లు మీరే బాగా అంటిస్తారు" అంటుంది ఆ అమ్మాయి, మెచ్చుకోలుగానే.

పండుగలన్నీ అయిపోయాక, మొదటి వాన ఇంకా పడకముందు, ఒక మంగళవారం ఉదయం ఆ ఆఫీసులోకే ముగ్గురు వచ్చారు. ఇద్దరు యూనిఫాంలో ఉన్న అధికారులు, ఒక డాక్టరు. పెనీనా తల ఎత్తి చూసి, సైన్యం తరఫున అమ్మాయిలకి ఉపన్యాసం ఇవ్వడానికి వచ్చారనుకుంది. ఏటా ఎవరో ఒకరు తెలియక వస్తారు, రబ్బీ గారు పంపించేస్తారు.

"రబ్బీ గారు క్లాసులో ఉన్నారండీ. ఆయన ఒప్పుకోరు, ముందే చెప్తున్నా. ఎండన పడి వచ్చారు, కూర్చోండి, నీళ్ళు తాగండి." మూడు గ్లాసులు బల్లమీద పెట్టింది. వాళ్ళు కూర్చోలేదు. ఆడ అధికారి ఆమె పూర్తి పేరు చెప్పి, మీరేనా అని అడిగింది. "నేనే. కానీ అనుమతి ఇచ్చేది నేను కాదమ్మా" అంది పెనీనా. ఆ తర్వాత వాళ్ళు చెప్పింది ఆమె విన్నది. విని, గ్లాసులు తీసుకెళ్ళి కడిగి బోర్లించింది. డాక్టరు భుజం పట్టుకుని కూర్చోబెట్టేదాకా నాలుగో గ్లాసు కోసం వెతుకుతూనే ఉంది.

అంత్యక్రియల్లో ఆమెకి గుర్తున్నది తక్కువ. పెట్టెమీద జెండా మడతలు సరిగ్గా లేవు. గెదల్యా సమాధి అంచున మోకాళ్ళమీద పడి, పదహారు నెలలుగా నోటరాని పేరుని ఎలుగెత్తి పిలిచాడు. "తిర్సా! తిర్సా!" జనమంతా కదిలిపోయారు. పెనీనా అతన్ని చూస్తూ ఉండిపోయింది. ఆ పిలుపులో నటన లేదు. అది ఆమెకి తెలుసు. అందుకే ఏం చెయ్యాలో తోచలేదు. దొంగ ఏడుపైతే తిట్టుకునేది. నిజంగా ఏడుస్తున్నవాణ్ణి ఏమనాలి?

ఆ తర్వాత ఏడు రోజులు ఇంట్లో కూర్చోవాలి. మెడ దగ్గర చింపిన బట్టతో, కురచ పీటల మీద, తల్లీ తండ్రీ తోబుట్టువులూ. వాళ్ళు వండకూడదు, వడ్డించకూడదు, గిన్నె తోమకూడదు. వచ్చినవాళ్ళే అన్నీ చెయ్యాలి. ముందుగదిలో ఒకవైపు మగవాళ్ళు, ఒకవైపు ఆడవాళ్ళు. వంటిల్లు జెహవా చేతిలోకి పోయింది. "ఈ ఇంట్లో ఒక్క మూత ఒక్క గిన్నెకి సరిపోదు" అని ఆమె ఎవరితోనో అనడం పెనీనాకి వినిపిస్తూనే ఉంది. పెళ్ళయిన ఇరవైయారేళ్ళలో వరసగా అన్ని గంటలు ఆమె ఎప్పుడూ కూర్చోలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుంటే ఎవరివో చేతుల్లా ఉన్నాయి. ఎవరో వచ్చి ఏడుస్తుంటే కళ్ళు వాళ్ళ టీ కప్పు మీదికి పోయేవి. ఖాళీ అయింది, తియ్యాలి. లేవబోయేది. "కూర్చో, కూర్చో" అనేవారు నలుగురూ. విశ్రాంతి ఇంత భయంగా ఉంటుందని ఆమె అనుకోలేదు. పనిలో ఉంటే ఆలోచన చేతులదాకా వచ్చి ఆగిపోయేది. ఇప్పుడు ఆగడానికి చోటు లేదు. ఆ ఉప్పు సంగతి రోజుకి వందసార్లు తిరిగి వచ్చేది. ఏమీ అనలేదు కాబట్టి వెళ్ళిందా? ఒక్కమాట అనుంటే ఆగేదా? సరే అన్నది దేనికి?

మగవాళ్ళ వైపునుంచి గెదల్యా గొంతు వినిపించేది. మొదటిరోజు "మా మధ్య కొంచెం అభిప్రాయభేదం ఉండేది" అన్నాడు. మూడోరోజుకి అది, "తండ్రిని కదా, భయపడ్డాను, అంతే. కానీ అడ్డు చెప్పలేదు" అయింది. నాలుగోరోజుకి, "దాని పట్టుదల నాదే" అన్నాడు. పెనీనా పెద్దకొడుకు వైపు చూసింది. ఎల్నాతాన్ కళ్ళు దించుకున్నాడు. ఇంతకీ గెదల్యా అబద్ధం చెప్తున్నాడా, లేక అలా జరిగుంటే బాగుండునని ఏడుస్తున్నాడా? ఆమెకి రెండూ ఒకేసారి వినిపించేవి.

ఐదోరోజు రబ్బీ ఎల్హనాన్ గారు ఉపాధ్యాయినులతో కలిసి వచ్చారు. "మా బడి కన్న వీరవనిత" అన్నారు. గ్రంథాలయానికి తిర్సా పేరు పెట్టాలని నిర్ణయించారట. వెళ్ళేముందు ఆడవాళ్ళ వైపుకి రెండడుగులు వేసి, ఎటో చూస్తూ, "గోడకి పెట్టడానికి ఒక ఫొటో కావాలి పెనీనా. స్కర్టులో ఉన్నది ఏదైనా ఉంటే చూడండి. ఆహ్వానపత్రం మాటర్ మీరొచ్చాక చూసుకుందాం" అన్నారు. ఆమె తలూపింది. అలవాటుకొద్దీ ఊపింది. ఊపాక ఒళ్ళంతా మండింది.

ఆయన ఇంకా గుమ్మం దాటకముందే చక్రాల కుర్చీ ఒకటి లోపలికొచ్చింది. అందులో ఇరవై ఏళ్ళ కుర్రవాడు. ఒక కాలు చాపి కట్టు కట్టి ఉంది. తలమీద అక్కడి మగవాళ్ళందరూ నిష్ఠగా పెట్టుకునే చిన్న టోపీ లేదు, ఒక చెవికి పోగు ఉంది. వెనక తోస్తున్న ఆవిడ అతని తల్లి. ఆవిడ పెనీనా కళ్ళలోకి ఒక్కసారి చూసి, కాలిందన్నట్టు చూపు తిప్పుకుని గోడ పక్కకి వెళ్ళి నిలబడింది.

"నా పేరు యోతామ్. ఆరోజు నేనే..." అని ఆగాడు. గెదల్యా ముందుకి వంగాడు. "చెప్పు నాయనా."

"మొదటి గుండు పడినప్పుడు నాకు తొడలో తగిలింది సార్. బయట పడున్నా. తను పరిగెత్తుకుని వచ్చింది. పట్టీ బిగించింది. మీ అమ్మ పేరేంటని అడిగింది. ఫారం నింపుతోందేమో అనుకుని దోరిత్ అని చెప్పా. ఫారం కాదు. యోతామ్, దోరిత్ కొడుకు, అని ఏదో గొణగడం మొదలుపెట్టింది. నాకోసం ప్రార్థన చేస్తోంది."

పెనీనాకి తెలుసు ఆ ప్రార్థన. జబ్బుపడ్డవాళ్ళ కోసం చేసేటప్పుడు తల్లి పేరే చెప్తారు. చనిపోయాక తండ్రి పేరుతో చదువుతారు. సమాధి దగ్గర తన కూతుర్ని గెదల్యా కూతురు అనే అన్నారు. ప్రాణం ఉన్నంతసేపే తల్లిదా పిల్ల?

"తర్వాత నా చెయ్యి పట్టుకుంది" అన్నాడు యోతామ్.

ఇంటివాడు కాని మగవాడి చెయ్యి వాళ్ళ ఆడపిల్లలు తాకరు. రబ్బీ ఎల్హనాన్ గారు గుమ్మంలోంచి మెల్లగా అన్నారు. "ప్రాణం కాపాడేటప్పుడు అన్నిటికీ అనుమతి ఉంది. వైద్యం అది."

"కాదండీ. వైద్యం అయిపోయింది. కట్టు కట్టేసింది. నేను ఏడుస్తున్నానని పట్టుకుంది. హెలికాప్టర్ వచ్చేదాకా వదలనంది. రెండో గుండు వచ్చి తనకి తగిలినప్పుడు కూడా..."

గెదల్యా మొహం ఎర్రబడింది. అది కోపమో ఏమో పెనీనా పోల్చుకోలేకపోయింది. అతను పీట మీంచి జరిగి చక్రాల కుర్చీ దగ్గరికి వచ్చాడు.

"ఏ చెయ్యి?"

"కుడిది సార్."

గెదల్యా ఆ చేతిని రెండు చేతులతో తీసుకుని కళ్ళకద్దుకున్నాడు. భుజాలు అదిరిపోతూ ఏడ్చాడు. రబ్బీ గారు రుమాలు తీశారు. జెహవా వంటింట్లోంచి ట్రే పట్టుకొచ్చి నిలబడిపోయి, పెనీనా చెవిలో, "చూశావా, నా తమ్ముడిది ఎంత మెత్తటి మనసో" అంది.

చివరివరకూ తన కూతుర్ని పట్టుకున్న చెయ్యి అక్కడుంది, నాలుగు గజాల దూరంలో. పదహారు నెలలు ఆ పిల్ల తల నిమరనివాడు దాన్ని పట్టుకోవచ్చు. తను పట్టుకోకూడదు. పెనీనాకి అతనిమీద జాలేసింది. అసూయ వేసింది. ఆ కుర్రవాడు బతికున్నందుకు కోపం వచ్చింది, ఏడవకుండా ఉంటే ఏం పోయేదనిపించింది. గోడ పక్కనున్న అతని తల్లిని చూసి సిగ్గేసింది. ఇన్నిట్లో ఏది తనదో తెలియకుండానే లేచి నిలబడింది. మగవాళ్ళ వైపుకి నడిచింది. పీటలు జరిగాయి, దారి వచ్చింది.

గెదల్యా తలెత్తాడు. "ఏం పెనీనా? నీళ్ళు కావాలా? అక్క తెస్తుందిలే, కూర్చో."

"నీళ్ళు కాదు." ఆమె కుర్రవాడి వైపు తిరిగింది. "ఆ చెయ్యి ఇలా ఇవ్వు నాయనా."

యోతామ్ తడబడ్డాడు. ఇక్కడి ఆడవాళ్ళు చెయ్యి కలపరని అతనికి ఎవరో చెప్పే ఉంటారు. అనుమతి కోసం గెదల్యా వైపు చూశాడు.

"ఆయన్నెందుకు చూస్తావు? అడుగుతోంది నేను."

చెయ్యి ఇచ్చాడు. వేడిగా ఉంది, చెమట పట్టి ఉంది, వేళ్ళమీద సూది గుచ్చిన మచ్చలు. ఆ చేతిలో తిర్సా ఏ కాస్తో మిగిలి ఉంటుందేమో అనుకుంది ఆమె. లేదు. ముక్కూ మొహం తెలియని ఒక కుర్రవాడి చెయ్యి, అంతే. అయినా వదలబుద్ధి కాలేదు. రబ్బీ గారు గోడ వైపు తిరిగారు. "అందరూ చూస్తున్నారు పెనీనా" అన్నాడు గెదల్యా గొంతు తగ్గించి.

"మీ గురించి చెప్పిందమ్మా" అన్నాడు యోతామ్. "నిద్రపోవద్దు, ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండు అంది నాతో. నాకేం తోచక, టోపీవాళ్ళ అమ్మాయిలు సైన్యానికి రారు కదా, నువ్వెలా వచ్చావని అడిగా. మా అమ్మ పొమ్మంది, అంది."

జెహవా చేతిలో ట్రే మీద కప్పులు గలగలమన్నాయి. ఎల్నాతాన్ తల్లి వైపు చూశాడు. గెదల్యా మెల్లగా లేచి నిలబడ్డాడు. కళ్ళు ఇంకా తడిగానే ఉన్నాయి.

"పొమ్మన్నావా? నేనడిగితే ఏమీ అనలేదన్నావు."

పెనీనా నోరు తెరిచింది. ఉప్పు అడిగానంతే అని చెప్పొచ్చు. అది నిజం. చెప్తే ఈ గదిలో ఎవరూ ఆమెనేమీ అనరు. పాపం తల్లి, దానికేం తెలుసు అంటారు. పిల్ల మాత్రం అబద్ధమాడి పోయినట్టవుతుంది. లేక ఆ పిల్ల ఆమె మొహంలో ఆ ఒక్క నిమిషంలో ఏదో చదివిందా, ఆమె తనకి తాను ఎప్పుడూ చదువుకోనిది?

కుర్రవాడి చెయ్యి వదలకుండానే ఆమె మొగుడి వైపు తిరిగింది.

"అవును, నేనే పొమ్మన్నాను. ఇంకోసారి వచ్చి అడిగితే పొమ్మంటానో లేదో నాకు తెలీదు గెదల్యా. అప్పుడు మాత్రం నేనే పొమ్మన్నాను."